నాలుగు జీబీ ర్యామ్, బ్రాడ్‌కామ్ వైఫై ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో ఏ లినక్స్ వెయ్యాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఈ మెషిన్‌లో విండోస్ 11 ఎక్కదు. అందుకని లినక్స్ వెయ్యాలనుకుంటున్నాను. వివరాలు ఇవి.

ప్రాసెసర్ ఇంటెల్ ఐ3-5005యూ. ర్యామ్ 4 జీబీ, ఒకటే స్టిక్, పక్క స్లాట్ ఖాళీ. 1 టీబీ హార్డ్ డిస్క్, 5400 ఆర్‌పీఎం. డీవీడీ డ్రైవ్ ఉంది. వైఫై బ్రాడ్‌కామ్, బీసీఎం43142 అని చూపిస్తోంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంది.

వాడేది డిగ్రీ చదివే అమ్మాయి. ఆన్‌లైన్ క్లాసులు, యూట్యూబ్ పాఠాలు, లిబ్రేఆఫీస్‌లో తెలుగు, ఇంగ్లీషు అసైన్‌మెంట్లు, అంతే. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో చేసిన పాత ఫైళ్లు కొన్ని ఉన్నాయి కాబట్టి విండోస్‌ని ఇప్పుడే పూర్తిగా తీసెయ్యలేను.

ఉబుంటు 24.04, ఫెడోరా రెండూ పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌లో (ఇన్‌స్టాల్ చెయ్యకుండా) నడిపి చూశాను. రెండిట్లోనూ వైఫై గుర్తే రాలేదు. ఇది లినక్స్‌లో పనిచెయ్యని కార్డా? ఏ డిస్ట్రో (లినక్స్ రకం) అయితే నయం? ర్యామ్, ఎస్ఎస్‌డీ రెండిట్లో ముందు దేనికి డబ్బు పెట్టాలి?

---

చినకెర్నెల్:

గోదారిగట్టు గారూ, వైఫై చిప్ పేరు ముందే రాశారు, మంచి పని చేశారు. మీ విషయంలో డిస్ట్రో ఏదో తేల్చేది ఆ చిప్పే. డెస్క్‌టాప్ అందం, ప్యాకేజీల సంఖ్య అన్నీ దాని తర్వాతే.

కార్డు పనిచేస్తుంది. బీసీఎం43142కి కెర్నెల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో, సొంత డ్రైవర్ లేదు. బ్రాడ్‌కామ్ ఇచ్చిన డబ్ల్యూఎల్ అనే మూతపెట్టిన (కోడ్ మొత్తం బయటపెట్టని) డ్రైవర్ ఒక్కటే దిక్కు. దాని చివరి వెర్షన్ 6.30.223.271, అది 2015 నాటిది. ఆ తర్వాత కంపెనీ దాన్ని ముట్టుకోలేదు. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు మారినప్పుడల్లా డెబియన్, ఉబుంటు ప్యాకేజీలు చేసేవాళ్లు ప్యాచ్ వేసి నెట్టుకొస్తున్నారు. అంటే కొత్త కెర్నెల్ వచ్చి, ప్యాచ్ ఇంకా రాకపోతే ఆ మధ్యలో మీకు వైఫై ఉండదు. లైవ్‌లో కనపడకపోవడానికి కారణం వేరే, అక్కడ ఈ డ్రైవర్ లోడ్ అయి ఉండదు.

కాబట్టి కెర్నెల్ నెమ్మదిగా మారే డిస్ట్రో మీకు కావాలి. ఫెడోరా చాలా మంచి డిస్ట్రో, కానీ ఒకే విడుదల నడుస్తుండగానే కెర్నెల్ చాలాసార్లు పైకి జరుగుతుంది. ఈ చిప్ ఉన్న మెషిన్‌కి అది పొసగదు. ఆర్చ్ అనే డిస్ట్రోలో కెర్నెల్ ఇంకా వేగంగా మారుతుంది, దాని సంగతి చెప్పనక్కర్లేదు. మిగిలేవి లినక్స్ మింట్ 22 వరస, డెబియన్. నా ఓటు మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ (తేలికపాటి డెస్క్‌టాప్) ఎడిషన్. ఉబుంటు 24.04 పునాది, 2029 దాకా అప్‌డేట్లు, పైగా డ్రైవర్ మేనేజర్ ఉంది.

డెబియన్ 13 కూడా తప్పేం కాదు. అయితే ఒక మెలిక. డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్ ఫర్మ్‌వేర్‌ని దానంతటదే వేస్తుంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది ఆన్ చేసేది నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ విభాగాన్ని మాత్రమే. డబ్ల్యూఎల్ డ్రైవర్ ఉండేది నాన్-ఫ్రీ అనే వేరే విభాగంలో. దాన్ని సోర్సెస్ ఫైల్‌లో మీరే చేర్చాలి, కెర్నెల్ హెడర్లు (డ్రైవర్ బిల్డ్ అవ్వడానికి కావలసిన ఫైళ్లు) కూడా విడిగా వేసుకోవాలి.

మింట్ వేశాక నెట్ కోసం ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యండి. వైర్డ్ కనెక్షన్‌లా వెంటనే పట్టేస్తుంది. కేబుల్ ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే రకమైతే ఏమీ రాదు, డేటా కేబుల్ వాడండి. తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరిస్తే బ్రాడ్‌కామ్ కనపడుతుంది, టిక్ పెట్టి అప్లై కొట్టండి. టెర్మినల్‌లో అయితే:

సుడో ఆప్ట్ అప్‌డేట్
సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్-హెడర్స్-జెనరిక్ బ్రాడ్‌కామ్-ఎస్‌టీఏ-డీకేఎంఎస్

ఆదేశాలు చదవడానికి వీలుగా తెలుగు లిపిలో రాశాను. కొట్టేటప్పుడు అన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాలు, గీతలు ఉన్నచోటే ఉండాలి.

ఇంకొకటి. ఈ చిప్ 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది. మీ రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ వేరే పేరుతో ఉంటే అది జాబితాలో రాదు, డ్రైవర్ చెడిపోయిందనుకోకండి. రౌటర్ 12 లేదా 13 ఛానెల్‌లో ఉన్నా కనపడకపోవచ్చు, 1, 6, 11లో ఒకటి పెట్టండి.

---

బెంచిమీద:

డబ్బు సంగతి నేను చెప్తాను. ముందు ఎస్ఎస్‌డీ. సందేహమే లేదు. 5400 ఆర్‌పీఎం డిస్క్ మీద ఏ డిస్ట్రో వేసినా బ్రౌజర్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. 240 లేదా 256 జీబీ, 2.5 అంగుళాల సాటా రకం చాలు. మందం 7 మిల్లీమీటర్లు ఉంటుంది. పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లదైతే బిగించినప్పుడు కాస్త వదులుగా ఉంటుంది, కొన్ని ఎస్ఎస్‌డీలతో పాటు వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ పెట్టండి.

రెండోది ర్యామ్. కొనేటప్పుడు డీడీఆర్3ఎల్ అని, 1.35 వోల్టులు అని చూసి కొనండి. స్టిక్కర్ మీద పీసీ3ఎల్ అని ఉంటుంది. ఆ ఎల్ అక్షరం ముఖ్యం. ఐదో తరం యూ ప్రాసెసర్‌కి కావలసింది తక్కువ వోల్టేజ్ రకం. 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 స్టిక్ స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, కానీ తెర వెలగకపోవచ్చు. 204 పిన్నుల 8 జీబీ స్టిక్ ఖాళీ స్లాట్‌లో పెడితే మొత్తం 12 అవుతుంది, సైజులు వేరైనా ఫర్వాలేదు.

ర్యామ్ కొనేదాకా 4 జీబీతో నడపాలంటే జెడ్‌ర్యామ్ (ర్యామ్‌లోనే డేటాని కుదించి దాచే పద్ధతి) పెట్టుకోండి. జెడ్‌ర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేసి, ఈటీసీ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లో ఉన్న జెడ్‌ర్యామ్‌స్వాప్ ఫైల్‌లో ఆల్గో విలువ జెడ్‌ఎస్‌టీడీ, పర్సెంట్ విలువ 50 పెట్టండి. ఆ రెండు లైన్ల ముందున్న హాష్ గుర్తు తీసెయ్యడం మర్చిపోకండి. అది ఉంటే మార్చినా మార్చనట్టే. డెస్క్‌టాప్ ఒక్కటే తినేది తక్కువే, అసలు మింగేది బ్రౌజర్ ట్యాబులు.

డీవీడీ డ్రైవ్ ఉందన్నారు కాబట్టి విండోస్ సమస్య తేలిగ్గా తీరుతుంది. ఎస్ఎస్‌డీని అసలు డిస్క్ స్థానంలో పెట్టండి. విండోస్ ఉన్న పాత డిస్క్‌ని డీవీడీ స్థానంలో క్యాడీలో (అక్కడ డిస్క్ పట్టే ఫ్రేమ్‌లో) పెట్టండి. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్లని రెండు మందాల్లో వస్తాయి, డీవీడీ డ్రైవ్ బయటికి తీసి స్కేలుతో కొలిచాకే కొనండి.

ఇక్కడ క్రమం ముఖ్యం. మింట్ వేసేటప్పుడు ఎస్ఎస్‌డీ ఒక్కటే లోపల ఉండాలి. పాత డిస్క్ కూడా తగిలించి ఉంటే, మీరు ఎస్ఎస్‌డీని ఎంచుకున్నా సరే, ఇన్‌స్టాలర్ బూట్‌లోడర్‌ని (లినక్స్‌ని లేపే ప్రోగ్రామ్‌ని) తీసుకెళ్లి పాత డిస్క్‌లో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌లో (బూట్ ఫైళ్లు ఉండే చిన్న భాగంలో) పెట్టేస్తుంది. అప్పుడంతా బాగానే కనిపిస్తుంది. కొన్నాళ్లకి పాత డిస్క్ తీసేసిన రోజున లినక్స్ బూట్ అవ్వదు, ఎందుకో అర్థం కాదు. మింట్ పూర్తయ్యాక క్యాడీ పెట్టండి. విండోస్ కావాలన్నప్పుడు ఆన్ చేస్తూనే బూట్ మెనూ తెచ్చుకోండి. కంపెనీని బట్టి ఎఫ్9 గానీ ఎఫ్12 గానీ ఉంటుంది.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. లైవ్‌లో డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి, పాత డిస్క్‌ని ఎంచుకుని, మెనూలో స్మార్ట్ డేటా చూడండి. 5వ వరుస రీఅలొకేటెడ్ సెక్టార్లు, 197వ వరుస పెండింగ్ సెక్టార్లు. 197లో సున్నా కాక ఏ అంకె ఉన్నా ఆ అను ఫైళ్లని ఈరోజే వేరే చోటికి కాపీ చెయ్యండి, మిగతావన్నీ తర్వాత.

---

నీలిటోపీ:

ఫెడోరాని అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. ఫెడోరాకి అదనపు ప్యాకేజీలిచ్చే ఆర్‌పీఎం ఫ్యూజన్‌లో ఏకేమాడ్-డబ్ల్యూఎల్ అనే ప్యాకేజీగా ఈ డ్రైవర్ ఉంది, కెర్నెల్ మారినప్పుడు దానంతటదే మళ్లీ బిల్డ్ అవుతుంది. జెడ్‌ర్యామ్ మొదటినుంచీ ఆన్‌లోనే ఉంటుంది. 4 జీబీ మెషిన్‌కి అది మేలు కదా?

---

చినకెర్నెల్:

నీలిటోపీ గారూ, బిల్డ్ దానంతటదే మొదలవుతుంది, నిజమే. కానీ పాత కోడ్ కొత్త కెర్నెల్‌తో కంపైల్ కాకపోతే ఆ బిల్డ్ అక్కడే ఆగిపోతుంది. తెర మీద ఏ హెచ్చరికా రాదు, రీబూట్ చేశాక వైఫై ఉండదు. రేపు పరీక్ష పెట్టుకుని ఈరోజు రాత్రి అప్‌డేట్ కొట్టిన అమ్మాయి పాత కెర్నెల్‌లోకి బూట్ చెయ్యాలని ఎక్కడ తెలుసుకుంటుంది? ఇంటెల్ వైఫై ఉన్న మెషిన్ అయితే నేనూ ఫెడోరానే చెప్పేవాణ్ణి.

డ్రైవర్ గొడవే వద్దనుకుంటే యూఎస్‌బీ వైఫై ముక్క కొనొచ్చు. పెట్టె మీది బ్రాండ్ పేరు కాదు, లోపలి చిప్ పేరు చూడాలి. అథెరోస్ ఏఆర్9271, మీడియాటెక్ ఎంటీ7610యూ, ఎంటీ7612యూ, వీటికి డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది, పెట్టగానే పనిచేస్తాయి. లోపలి కార్డునే మార్చాలని మాత్రం తొందరపడకండి. ఆ కాలపు కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్ తను ఒప్పుకున్న కార్డులు తప్ప వేరేవి పెడితే ముందుకు కదలదు.

---

గోదారిగట్టు:

ఇద్దరికీ చాలా థాంక్స్. స్మార్ట్‌లో 197 సున్నానే ఉంది. ఎస్ఎస్‌డీ పెట్టి, దాని మీద మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేశాను, తర్వాత క్యాడీ పెట్టాను. ఫోన్ టెథరింగ్‌తో డ్రైవర్ మేనేజర్‌లో బ్రాడ్‌కామ్ వేశాను. మధ్యలో పాస్‌వర్డ్ ఏదో పెట్టమంది, పెట్టాను. రీబూట్ అయ్యాక నీలం తెర ఒకటి వచ్చి పోయింది. వైఫై రాలేదు. సుడో మోడ్‌ప్రోబ్ డబ్ల్యూఎల్ కొడితే "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అంటోంది.

---

చినకెర్నెల్:

ఆ నీలం తెరే అసలు మెట్టు. అది పది సెకన్లే ఉంటుంది.

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ని (డ్రైవర్ ముక్కని) కెర్నెల్ లోపలికి రానివ్వదు. డబ్ల్యూఎల్ మీ మెషిన్‌లోనే తయారైంది కాబట్టి దాని మీద మీ మెషిన్ తయారుచేసిన తాళంతోనే సంతకం పడింది. ఆ తాళాన్ని నమ్మమని ఫర్మ్‌వేర్ వైపు మీరే చెప్పాలి, అదీ కీబోర్డు ముందు కూర్చుని. డ్రైవర్ అడిగిన పాస్‌వర్డ్ అందుకే. తప్పిపోయింది కాబట్టి మళ్లీ పిలవండి:

సుడో మాక్‌యుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/షిమ్-సైన్డ్/మాక్/మాక్.డెర్

మాక్ అంటే ఎం, ఓ, కే. ఫోల్డర్ పేరులో చిన్నక్షరాలు, చివరి ఫైల్ పేరులో ఆ మూడూ పెద్దక్షరాలు. పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది. ఒక్కసారికే వాడేది, ఇంగ్లీషు చిన్నక్షరాలు ఎనిమిది చాలు. ప్రత్యేక గుర్తులు పెట్టకండి, ఆ నీలం తెర అమెరికా కీబోర్డు లెక్కన చదువుతుంది.

రీబూట్ చేసి చెయ్యి కీబోర్డు మీదే ఉంచండి. నీలం తెర రాగానే ఏదో ఒక కీ నొక్కండి. ఎన్‌రోల్ మాక్, కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్. మొదటి వరుసలో ఉండే కంటిన్యూ బూట్ మీద ఎంటర్ కొడితే మళ్లీ మొదటికే వస్తారు, ఒక వరుస కిందికి దిగాలి. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు చుక్కలు కూడా కనపడవు, కొట్టుకుంటూ పోండి.

లోపలికి వచ్చాక ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే కొట్టి బ్రాడ్‌కామ్ వరుస చూడండి. 14ఈ4:4365 అనే నంబరు, దాని కింద "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" ఎదురుగా డబ్ల్యూఎల్ ఉండాలి. అక్కడ బీసీఎంఏ-పీసీఐ-బ్రిడ్జ్ అని ఉంటే, ఈ కార్డుకి వైఫై ఇవ్వలేని కెర్నెల్‌లోని వేరే డ్రైవర్ ముందే దాన్ని పట్టుకుందని అర్థం. ప్యాకేజీ దాన్ని నిషేధించే ఫైల్ పెడుతుంది, ఇంకోసారి రీబూట్ చేస్తే తొలగిపోతుంది.

సెక్యూర్ బూట్ ఆపేస్తే ఇదంతా అక్కర్లేదు కదా అని ఎవరైనా చెప్తారు. నిజమే. కానీ విండోస్ డిస్క్‌కి ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంటే, తర్వాత విండోస్‌లోకి వెళ్లినప్పుడు 48 అంకెల రికవరీ కీ అడిగే ప్రమాదం ఉంది. ఆ కీ చేతిలో లేకుండా సెక్యూర్ బూట్ ముట్టుకోకండి.

వైఫై వచ్చాక ఇంకో పని. మింట్ 22.2 నుంచి కొత్త హార్డ్‌వేర్ కోసమని పై వరస కెర్నెల్ ఇస్తున్నారు, అది కాలంతో పాటు మారుతూ ఉంటుంది. మీకు ఆ కొత్తదనం అక్కర్లేదు. ఉబుంటు 24.04 అసలు కెర్నెల్ 6.8, అది చివరిదాకా అదే వరసలో ఉంటుంది. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లినక్స్-జెనరిక్ కొడితే హెడర్లతో సహా వస్తుంది. రీబూట్ చేసి గ్రబ్ మెనూలో (ఏది బూట్ అవ్వాలో ఎంచుకునే తెరలో) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి 6.8ని ఎంచుకోండి. మెనూ రాకపోతే ఆన్ అవుతున్నప్పుడు ఎస్కేప్ కీ ఒకసారి తట్టండి. అందులో వైఫై పనిచేస్తోందని చూశాకే పైవరస కెర్నెల్ తెచ్చే లినక్స్-జెనరిక్-హెచ్‌డబ్ల్యూఈ-24.04 ప్యాకేజీని, తర్వాత అప్‌డేట్ మేనేజర్‌లోని కెర్నెల్స్ జాబితాలో పైవరస కెర్నెల్స్‌ని తీసెయ్యండి. తియ్యకపోతే గ్రబ్ ఎప్పుడూ పెద్ద నంబరునే ముందు లేపుతుంది.

ఎప్పుడైనా అప్‌డేట్ తర్వాత వైఫై పోతే మొదట డీకేఎంఎస్ స్టేటస్ కొట్టండి. కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ని మళ్లీ బిల్డ్ చేసేది డీకేఎంఎస్. నడుస్తున్న కెర్నెల్ నంబరు ఎదురుగా "ఇన్‌స్టాల్డ్" అని లేకపోతే డ్రైవర్ బిల్డ్ కాలేదు. చాలాసార్లు కారణం హెడర్లు లేకపోవడమే.

---

గోదారిగట్టు:

వచ్చింది! డబ్ల్యూఎల్ అని చూపిస్తోంది, 6.8లోనే ఉన్నాను. రెండు చిన్న విషయాలు. మింట్ వాడాక విండోస్‌లోకి వెళ్తే గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి ఉంటోంది. మింట్ నుంచి విండోస్ డిస్క్‌లో ఫైళ్లు తెరుచుకుంటున్నాయి, సేవ్ చెయ్యనివ్వట్లేదు. ఇక తెలుగు టైపింగ్ ఎలాగో కూడా చెప్పండి. అమ్మాయికి ఇంగ్లీషు అక్షరాలతో కొట్టడమే అలవాటు.

---

బెంచిమీద:

ఐదున్నర గంటలంటే బ్యాటరీ సెల్ అయిపోవడం కాదు. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ గ్రీనిచ్ సమయం రాస్తుంది, విండోస్ దాన్నే మన సమయం అనుకుని చదువుతుంది. మనకీ గ్రీనిచ్‌కీ తేడా ఐదున్నర. మింట్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 కొట్టండి. మన దగ్గర ఎండాకాలానికి గడియారం మార్చే పద్ధతి లేదు కాబట్టి దీనితో ఇబ్బంది ఉండదు. విండోస్ తీసేసిన రోజున అదే ఆదేశం చివర 0 పెట్టండి.

సేవ్ కాకపోవడానికి కారణం విండోస్ ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ కొట్టినా అది సగం నిద్రలోనే ఉంటుంది, డిస్క్‌ని మూయదు. అలాంటి డిస్క్ మీద రాస్తే ఫైళ్లు పాడవుతాయని లినక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తోంది. బలవంతంగా రాయించే మార్గాలు వెతక్కండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ కొట్టి షట్‌డౌన్ చెయ్యండి.

---

గుణింతం:

తెలుగు సంగతి. ముందు ఫాంట్లు: ఫాంట్స్-నోటో-కోర్, ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా వెయ్యండి. రెండోదాంట్లో పోతన, వేమన ఉంటాయి. అలంకార ఫాంట్లు కావాలంటే ఫాంట్స్-తెలుగువిజయం.

టైపింగ్‌కి ఐబస్ (వేరే భాషల్లో కొట్టనిచ్చే ప్రోగ్రామ్), ఐబస్-ఎం17ఎన్ వేసి, ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగ్‌లో ఐబస్ ఎంచుకుని, లాగవుట్ అయి మళ్లీ రండి. ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో యాడ్ కొట్టి తెలుగు కింద చూస్తే ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్, ఆర్‌టీఎస్, పోతన, యాపిల్ కనిపిస్తాయి. మీ అమ్మాయికి ఆర్‌టీఎస్ గానీ ఐట్రాన్స్ గానీ సరిపోతుంది. ఫోన్‌లోలా ఊహించి పదం ఇవ్వదు, ఏది కొడితే అదే పడుతుంది. చిన్న ఎల్ కొడితే ల, పెద్దది కొడితే ళ. న, ణ కూడా అంతే. రెండ్రోజుల్లో చేతికి వస్తుంది. మార్చుకోవడానికి విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కాలి.

ఎక్స్‌ఎఫ్‌సీఈ కీబోర్డు సెట్టింగ్స్‌లో కూడా తెలుగు లేఔట్ కలిపి, ఐబస్‌లోనూ పెడితే రెండూ కొట్టుకుంటాయి. ఒక్క చోటే ఉంచండి.

లిబ్రేఆఫీస్‌లో టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లో కాంప్లెక్స్ టెక్స్ట్ లేఔట్ ఆన్ చేసి తెలుగు పెట్టండి. ఇది చెయ్యకపోతే, స్టైల్‌లో 14 సైజు పెట్టినా ఇంగ్లీషు పెరుగుతుంది, తెలుగు 12లోనే ఉండిపోతుంది. స్టైల్ తెరిస్తే ఫాంట్ దగ్గర పాశ్చాత్య లిపికి ఒకటి, కాంప్లెక్స్ లిపికి ఒకటి విడివిడిగా ఉంటాయి. తెలుగు సైజు, బోల్డ్ రెండోదాంట్లో పెట్టాలి. అక్షరదోషాలకి హున్‌స్పెల్-టీఈ వెయ్యండి, సంధి కలిసిన మాటల కింద కూడా ఎర్రగీత పెడుతుంది, వాటిని పట్టించుకోకండి.

అను ఫైళ్ల గురించి. అవి యూనికోడ్ కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టిన ఫాంట్లవి. అందుకే ఆ ఫాంట్ లేని చోట పేస్ట్ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. పేజ్‌మేకర్ ఫైళ్లని లిబ్రేఆఫీస్ డ్రా కొంతవరకు తెరుస్తుంది గానీ పేజీ అమరిక నిలవదు. విండోస్ ఉండగానే ప్రతి ఫైల్‌నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోండి. తిరిగి దిద్దాల్సిన వ్యాసాలుంటే పాఠాన్ని అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌తో మార్చి వేరే ఫైల్‌గా దాచండి. మార్చాక ఒత్తులు, అంకెలు, కొటేషన్ గుర్తులు ఈ మూడూ కళ్లతో సరిచూడండి, తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే.